మోటారు కారుకు రూపుదిద్దిన హార్లీ ఎర్ల్

పొరుగూరికి పోయే బండికి కావలసింది ఎక్కడానికీ, కూర్చోవడానికీ, తోలడానికీ వీలు. పెండ్లికొడుకును ఊరేగించే బండికి కావలసింది చూపరుల మెప్పు. ఈ రెండు పనులనూ ఒకే బండి చేత చేయించుకోవాలని మనిషి ఆశపడతాడు. ఆ ఆశ తీర్చవలసిన భారం బండి కట్టేవాని మీద పడుతుంది. అందం కోసం కొంత సుఖాన్ని వదులుకోవాలా, సుఖం కోసం కొంత అందాన్ని వదులుకోవాలా, లేక రెండింటికీ పొత్తు కుదిర్చే ఉపాయమేదైనా ఉన్నదా? ఈ ప్రశ్నతో జీవితమంతా పెనుగులాడిన వ్యక్తి హార్లీ ఎర్ల్. అమెరికాలో మూడు దశాబ్దాలకు పైగా కోట్లాది కార్ల రూపురేఖలను నిర్ణయించిన ఈయన ఆ ప్రశ్నకు కొన్నిసార్లు చక్కని సమాధానం చెప్పాడు. కొన్నిసార్లు తప్పటడుగు వేశాడు. ఆయన గెలుపు నుంచీ, ఓటమి నుంచీ కూడా నేర్చుకోదగినది ఉన్నది.

మోటారు కార్ల తొలినాళ్ళలో కలవారు కారు కొనే పద్ధతి వేరుగా ఉండేది. కంపెనీ నుంచి ఇంజను, చట్రం, చక్రాలు మాత్రమే కొని, పైభాగాన్ని, అంటే బాడీని, వేరొక పనివాని చేత తమ అభిరుచి మేరకు కట్టించుకొనేవారు. మన ప్రాంతంలో లారీ యజమానులు ఛాసిస్ కొని, విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల బాడీ కట్టించుకోవడం ఎరిగినవారికి ఈ పద్ధతి కొత్త కాదు. హార్లీ తండ్రి జె. డబ్ల్యు. ఎర్ల్ అటువంటి పనివాడే. ఆయన మిచిగన్ రాష్ట్రం నుంచి 1889లో కాలిఫోర్నియాకు వలసవచ్చి, లాస్ ఏంజిలిస్ నగరంలో గుర్రపుబండ్లు కట్టే కార్ఖానా పెట్టుకొన్నాడు. హార్లీ 1893 నవంబరు 22న హాలీవుడ్‌లో జన్మించాడు. సినిమా పరిశ్రమ ఇంకా అక్కడ కాలుపెట్టని రోజులవి.

కొయ్య చెక్కే చప్పుడు, తోలు, రంగుల వాసనల నడుమ ఆ బాలుడు పెరిగాడు. గుర్రపుబండ్ల కాలం గతిస్తున్నదని గ్రహించిన తండ్రి 1908 నాటికి మోటారు కార్ల బాడీలు కట్టడం ఆరంభించాడు. కుమారుడు పొడగరి, వయసు వచ్చేసరికి ఆరడుగుల నాలుగంగుళాల మనిషి అయినాడు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో చేరాడు గాని, పట్టం పుచ్చుకోకుండానే ఇంటికి తిరిగివచ్చి తండ్రి కార్ఖానాలో కుదురుకొన్నాడు. కాలేజీలో దొరకని చదువు ఆయనకు ఆ కార్ఖానాలో దొరికింది.

ఇంతలో సినిమావారు హాలీవుడ్‌కు వచ్చారు. వారికి డబ్బున్నది, నలుగురి కంటా పడవలసిన అవసరమూ ఉన్నది. వీధిలో పోతుంటే తమ కారు మరొకరి కారులా ఉండరాదని వారి పట్టుదల. స్థూలకాయుడైన హాస్యనటుడు రాస్కో ఆర్బకిల్, గుర్రపుస్వారీ చిత్రాల నాయకుడు టామ్ మిక్స్ మొదలైనవారు ఎర్ల్ కార్ఖానాకు వచ్చి కార్లు కట్టించుకొన్నారు. ఆర్బకిల్ కట్టించుకొన్న పియర్స్ ఆరో కారు ఆనాడు ఊరంతా చెప్పుకొన్న కారు.

ఇటువంటి పనిలో ఒక గుణమున్నది. కొనేవాడు ఎదుటనే ఉంటాడు. దర్జీ ఒంటికి కొలత తీసుకొన్నట్లు, బాడీ కట్టేవాడు అతని పొడుగు, లావు, కాళ్ళు చాపుకొనే తీరు, కారు తానే నడుపుతాడా లేక డ్రైవరును పెట్టుకొంటాడా అన్న సంగతీ తెలుసుకొంటాడు. మోకాలు స్టీరింగుకు తగిలినా, తల టాపుకు తగిలినా మరునాడే కారు తిరిగి కార్ఖానా గుమ్మంలో నిలుస్తుంది. అట్లాగే, అందం కోసం కాస్త ఇబ్బంది పడడానికి కొనేవాడు ఒప్పుకొంటే, ఆ ఒప్పుదల కూడా ముఖాముఖిగా జరుగుతుంది. ఇబ్బంది అతనిదే, నిర్ణయమూ అతనిదే. ఈ సంగతి ముందు కథకు అవసరం కనుక పాఠకులు గుర్తుంచుకొందురుగాక.

కాలిఫోర్నియాలో కాడిలాక్ కార్ల వ్యాపారి డాన్ లీ 1919లో ఆ కార్ఖానాను కొన్నాడు. హార్లీయే అందులో రూపకల్పనకు పెద్దగా కొనసాగాడు. 1920 దశకం నడుమ కాడిలాక్ కంపెనీ అధిపతి లారెన్స్ ఫిషర్ అక్కడికి వచ్చి ఆయన పనితీరు చూశాడు. తక్కినచోట్ల కొయ్యతోనూ, రేకుతోనూ నమూనాలు చేస్తుంటే, హార్లీ బంకమట్టితో చేస్తున్నాడు. మట్టి చేతికి లొంగుతుంది. వంపు నచ్చకపోతే చెరిపి మరల దిద్దవచ్చు. అంతకన్నా ముఖ్యమైన విశేషం మరొకటి ఉన్నది. బానెట్, మడ్‌గార్డులు, దీపాలు, ఫుట్‌బోర్డులు ఒక్కొక్కటి ఒక్కొక్కరు చేసి చివరకు అతికించిన వస్తువుగా గాక, మొత్తం కారును ఒకే రూపంగా ఆయన భావించేవాడు. కారు పొడుగ్గా కనిపించాలంటే చట్రాన్ని నడుమ కోసి అదనపు ముక్క చేర్చడానికైనా వెనుకాడేవాడు కాదు.

ఫిషర్ ఆయనను డెట్రాయిట్‌కు పిలిపించి లాసాల్ అనే కొత్త కారుకు రూపమివ్వమన్నాడు. ఐరోపాలో పేరెన్నికగన్న హిస్పానో సూయిజా కారు అందాలను మనసులో ఉంచుకొని హార్లీ దిద్దిన లాసాల్ 1927 మార్చిలో వెలువడి జనాన్ని ఆకట్టుకొన్నది. అడిగి కట్టించుకొన్న కారుకు మాత్రమే ఉండే సొంపు, కార్ఖానాలో వందలు వేలుగా తయారయ్యే కారుకు వచ్చింది. జనరల్ మోటార్స్ సంస్థ అధ్యక్షుడు ఆల్ఫ్రెడ్ స్లోన్ దీనిలోని వ్యాపార రహస్యాన్ని వెంటనే పట్టుకొన్నాడు. ఆ సంవత్సరమే కళ, వర్ణముల శాఖ అనే పేరుతో యాభైమంది పనిచేసే విభాగాన్ని నెలకొల్పి, దానికి హార్లీని అధిపతిని చేశాడు. పెద్ద కారు కంపెనీలో రూపకల్పనకు ప్రత్యేక శాఖ ఏర్పడడం అదొక కొత్త పోకడ.

ఇంజనీర్లకు ఈ కొత్తవాడు నచ్చలేదు. ఇంజనును, ఇరుసును ఎరిగిన తమకు బొమ్మలు గీసేవాడు చెప్పడమేమిటని వారి అభిమానం. ఆ శాఖను సింగారాల గది అని ఎగతాళి చేసేవారు. హార్లీ కూడా మెత్తనివాడు కాడు. ఎండకు మెరిసే రంగుల సూట్లు వేసుకొని, వాటి మడత నలగకుండా కార్యాలయంలో వేరే జతలు ఉంచుకొని, కింద పనిచేసేవారిని కనుసన్నల్లో నడిపించేవాడు. కోపం కూడా ఎక్కువే. కాని కొత్త ఉద్యోగంలో మొదటి పెద్ద దెబ్బ ఆయనకు త్వరలోనే తగిలింది.

1928 వేసవిలో మరుసటి సంవత్సరపు బ్యూక్ కారు విడుదలయింది. నడుము దిగువ దాని పక్కలు కొద్దిగా ఉబ్బి ఉండేవి. చూచినవారు దానికి గర్భిణి బ్యూక్ అని పేరుపెట్టి నవ్వారు. అమ్మకాలు పడిపోయాయి. కంపెనీ ఆ బాడీని త్వరలోనే మానుకోవలసి వచ్చింది. హార్లీ చెప్పుకొన్న కారణమిది: తాను గీసిన గీతను కార్ఖానావారు తయారీ సౌలభ్యం కోసం కిందివైపు లోపలికి లాగారు, టాపును అయిదంగుళాలు పైకి లేపారు, దానితో నిష్పత్తి చెడింది. స్లోన్ మాత్రం జనం మార్పును చిన్న చిన్న మెట్లుగానే అంగీకరిస్తారని తీర్మానించుకొన్నాడు. ఇద్దరి మాటలోనూ నిజమున్నది. రూపం గీసేవాడొకచోట, కారు కట్టేవాడొకచోట, ఎక్కేవాడు మరొకచోట ఉంటే వచ్చే చిక్కు ఇదే. లాస్ ఏంజిలిస్ కార్ఖానాలో ఈ ముగ్గురూ ఒకే కప్పు కింద ఉండేవారు.

హార్లీ ఆ దెబ్బనుంచి కోలుకొని ఇంజనీర్లతో కలిసి పనిచేయడం నేర్చుకొన్నాడు. కారు మరింత పొడవుగా, మరింత పొట్టిగా ఉండాలన్నది ఆయన జీవితకాలపు దీక్ష. అది కేవలం అందం పిచ్చి అని తోచవచ్చు. కాని 1930 దశకంలో ఈ దీక్ష సుఖంతో చేయి కలిపిన తీరు చాలా చక్కనిది.

పాతకాలపు కారులో వెనుకసీటు సరిగ్గా వెనుక ఇరుసు మీద ఉండేది. ఇరుసు మీద కూర్చునేవాడు ఎత్తున కూర్చోక తప్పదు. గతుకు తగిలినప్పుడల్లా ఎగిరిపడకా తప్పదు. ముందు స్ప్రింగులు బిరుసుగా ఉండడం వల్ల కారు ఉయ్యాలలాగా ముందుకూ వెనుకకూ ఊగేది. రోల్స్ రాయిస్ కంపెనీలో పనిచేసి అమెరికాకు వచ్చిన ఆంగ్లేయ ఇంజనీరు మారిస్ ఆలీ, కాడిలాక్‌లో ఒక పరీక్షా వాహనం తయారుచేయించి, దానిలో బరువులను అటూ ఇటూ జరుపుతూ ఈ ఊగులాటను పరిశీలించాడు. ముందు స్ప్రింగులు వెనుకవాటికన్న మెత్తగా ఉంటే ప్రయాణం సమంగా సాగుతుందని ఆయన తేల్చాడు. ముందు చక్రాలు రెండింటినీ ఒకే ఇరుసుకు బిగించకుండా, దేని దారిన అది కదిలే ఏర్పాటు 1934 నాటి కార్లలో అమలులోకి వచ్చింది. దానితో ఇంజనును ముందుకు జరపడానికి వీలయింది. ఇంజను జరిగిన మేరకు సీట్లూ ముందుకు జరిగి, ప్రయాణికులు రెండు ఇరుసుల నడుమకు వచ్చారు. నడుమకు వచ్చారు గనుక కుదుపు తగ్గింది. ఇరుసు మీద లేరు గనుక సీటును కిందికి దించవచ్చు, సీటుతోపాటు టాపునూ దించవచ్చు. హార్లీ కోరిన పొట్టికారు, ఆలీ కోరిన మెత్తని ప్రయాణం ఒకే మార్పులో సిద్ధించాయి. కారు కిందికి దిగినకొద్దీ మలుపులలో ఒరిగే గుణం కూడా తగ్గింది.

ఇదే వరుసలో 1938 నాటి కాడిలాక్ సిక్స్టీ స్పెషల్ వచ్చింది. హార్లీ పర్యవేక్షణలో యువకుడైన బిల్ మిచెల్ దానికి రూపమిచ్చాడు. కారు తక్కువ ఎత్తులో ఉన్నప్పుడు ఎక్కడానికి మెట్టు ఎందుకు? అందుచేత ఫుట్‌బోర్డు తీసివేశారు. ఆ వెడల్పు బాడీకి కలిసివచ్చి లోపల భుజాలు ఆనించుకోవడానికి చోటు పెరిగింది. చూడడానికి అందం, కూర్చోవడానికి విశాలం. మంచి రూపకల్పన అంటే ఇట్లా ఉండాలి.

ఆ 1938లోనే హార్లీ తన కోసం ఒక కారు కట్టించుకొన్నాడు. దాని పేరు వై జాబ్. బ్యూక్ చట్రం మీద, ఇద్దరు కూర్చునే, టాపు మడిచే కారు అది. హెడ్‌లైట్లు మూతల చాటున దాగి ఉండేవి. అద్దాలు విద్యుచ్ఛక్తితో పైకీ కిందికీ కదిలేవి. తలుపు పిడులు రేకులో కలిసిపోయి ఉండేవి. మడిచిన టాపు లోహపు మూత కింద కనపడకుండా ఒదిగేది. కారు నేలకు దగ్గరగా కనిపించాలని పదమూడంగుళాల చిన్న చక్రాలు పెట్టారు. భావికాలపు ఊహను జనం ముందు ఉంచడానికి కంపెనీ కట్టిన తొలి కారుగా చరిత్రకారులు దీనిని పేర్కొంటారు. కాని దీని విశేషం ప్రదర్శనలో లేదు. హార్లీ దీనిని అద్దాల గదిలో దాచలేదు. 1951 దాకా డెట్రాయిట్ వీధులలో తానే నడుపుకొంటూ తిరిగాడు. వానలో తడిపాడు, ఎండలో నిలిపాడు. తన మోకాలికి ఏది తగులుతున్నదో, తన కంటికి ఏది అడ్డువస్తున్నదో రోజూ తెలుసుకొన్నాడు. పెద్ద సంస్థలో కొనేవాని ముఖం కనపడదు గనుక తానే కొనేవాడయ్యాడు. ఆ కారులోని అనేక సదుపాయాలు తరువాతి కాలంలో సామాన్యుల కార్లకు సంక్రమించాయి.

1940లో జనరల్ మోటార్స్ ఆయనను ఉపాధ్యక్షుని చేసింది. రూపశిల్పికి ఒక మహా సంస్థలో అంతటి పదవి దక్కడం అదివరకు ఎరుగనిది. యుద్ధకాలంలో ఆయనా, ఆయన శిష్యులూ లాక్‌హీడ్ పి-38 అనే రెండు తోకల యుద్ధవిమానాన్ని చూచి ముగ్ధులైనారు. 1948 నాటి కాడిలాక్ వెనుక మడ్‌గార్డుల మీద చిన్న తోకరెక్కలు మొలిచాయి. వాటి వల్ల కారు నడకకు ఒరిగినదేమీ లేదు, అపకారమూ లేదు. అక్కడికి అది ముచ్చటే. కాని ముచ్చట వ్యసనంగా మారడానికి ఎంతోకాలం పట్టలేదు.

1951లో హార్లీ తన రెండవ సొంత కారు ల సాబర్‌ను బయటపెట్టాడు. జెట్ విమానాన్ని తలపించే ఆకారం. తేలిక లోహాలతో చేసిన బాడీ. సీట్ల నడుమ తడిని పసిగట్టే సాధనం ఉండి, చినుకు పడితే టాపు తనంతట తానే పైకి లేచేది. దీనిని కూడా ఆయన వీధులలో నడిపాడు. ఈ కారులోనే ముందు అద్దం రెండు పక్కలకూ వంగి చుట్టుకొని వచ్చింది. చూడడానికి విమానం ముందుభాగంలా గంభీరంగా ఉంటుంది. 1953లో పరిమితంగాను, ఆ తరువాత విరివిగాను ఈ అద్దాన్ని మామూలు కార్లకూ తగిలించారు.

అప్పుడు గాని దాని అసలు గుణం బయటపడలేదు. అద్దం పక్కకు చుట్టుకోవాలంటే దానిని పట్టే స్తంభం వెనుకకు వంగి తలుపు దారిలోకి పొడుచుకు రావాలి. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ మోకాలు దానికి కొట్టుకొనేది. అద్దం వంపు తిరిగినచోట ఎదుటి దృశ్యం వంకరగా కనిపించేది. ఒక్క మనిషి ముచ్చటపడి కట్టించుకొన్న కారులో ఇటువంటి ఇబ్బంది సహించదగినదే; ఎందుకంటే అది అతడు కోరి తెచ్చుకొన్నది. పిల్లలతో, వృద్ధులతో, సంచులతో రోజుకు పదిసార్లు ఎక్కిదిగే కుటుంబాన్ని ఎవరు అడిగారు? వారి మోకాలి నొప్పికి ఒప్పుదల ఎవరు ఇచ్చారు? 1960 దశకం ఆరంభంలో ఆ అద్దం మెల్లగా తెరమరుగయింది.

హార్లీకి పేరు తెచ్చిన మరొక కారు కార్వెట్. యుద్ధానంతరం అమెరికా యువకులు ఐరోపా దేశాల చిన్న రెండుసీట్ల కార్లపై మోజుపడడం చూచి, స్వదేశంలో అటువంటిది ఉండాలని ఆయన తలపెట్టాడు. 1953 జనవరిలో న్యూయార్కులోని వాల్డార్ఫ్ ఆస్టోరియా హోటలులో దానిని ప్రదర్శించారు. ఆ సంవత్సరమే 300 కార్లు చేతిపనిగా తయారయ్యాయి. గాజునారతో చేసిన బాడీ కన్నులపండువుగా ఉన్నది. కాని తలుపులకు బయట పిడులు లేవు. అద్దాలకు బదులు విడిగా తగిలించుకొనే తెరలు ఉండేవి. పరుగు కారు అన్నారే గాని, ఆరు సిలిండర్ల ఇంజను, రెండే గేర్ల ఆటోమేటిక్ ఏర్పాటు. పైన పటారం, లోన లొటారం అన్న సామెత గుర్తుకు రాక మానదు. 1954లో 3,640 కార్లు తయారుచేస్తే వాటిలో అనేకం అమ్ముడుపోక నిలిచిపోయాయి. కారును మానివేయవలసిన పరిస్థితి దాపురించింది. అప్పుడు ఇంజనీర్లు పూనుకొన్నారు. 1955లో ఎనిమిది సిలిండర్ల ఇంజను వచ్చింది. 1956 నాటికి పైకీ కిందికీ కదిలే అద్దాలూ, తలుపులకు పిడులూ వచ్చాయి. జోరా ఆర్కస్ డంటోవ్ అనే ఇంజనీరు దాని నడకను సరిదిద్దాడు. రూపం జనాన్ని పిలిచింది. సౌకర్యమూ, నడకా వారిని నిలబెట్టాయి. కార్వెట్ పేరు నేటికీ నిలిచి ఉన్నది.

సుఖాన్ని హార్లీ పూర్తిగా మరచాడనడం న్యాయం కాదు. 1950 దశకంలో స్త్రీలను రూపశిల్పులుగా చేర్చుకొని, కార్ల లోపలి ఏర్పాట్లు వారికి అప్పగించాడు. పిల్లలు తెరవలేని తలుపు గడియలు, సామాను పెట్టుకొనే అరలు మొదలైన ఆలోచనలను 1958లో వారు ప్రదర్శించారు. అదే సమయంలో ఆయన కార్ల వెలుపల క్రోమియపు తళుకు బరువెక్కుతూ వచ్చింది. ఏటేటా పాతకారు మీద యజమానికి విసుగు పుట్టించి కొత్తకారు కొనిపించడమే రూపకల్పన ధ్యేయమైపోయింది. ఒకసారి ఆయన ఐరోపా పర్యటనలో ఉండగా, ఆయన దగ్గర తరిఫీదు పొందినవారే 1959 కార్ల నమూనాలను మార్చివేశారు. అయినా ఆ సంవత్సరపు కాడిలాక్ తోకరెక్కలు మునుపెన్నడూ లేనంత ఎత్తుకు లేచాయి. 1965లో రాల్ఫ్ నాడర్ తన గ్రంథంలో, రూపం మోజులో ప్రయాణికుల క్షేమాన్ని విస్మరించారని రూపశిల్పులను గట్టిగా విమర్శించాడు.

అప్పటికే హార్లీ ఉద్యోగం నుంచి తప్పుకొన్నాడు. 1958 చివర 65 ఏళ్ళ వయసులో విశ్రాంతి తీసుకొని, 1969 ఏప్రిల్ 10న ఫ్లారిడా రాష్ట్రంలోని వెస్ట్ పామ్ బీచ్‌లో కన్నుమూశాడు. ఆయన స్థానంలో బిల్ మిచెల్ అధిపతి అయినాడు. రూపశిల్పికి కంపెనీలో పీట వేయించినవాడు, మట్టి నమూనాను ప్రపంచంలోని కారు కంపెనీలన్నింటికీ అలవాటు చేసినవాడు ఎర్ల్ అన్న సత్యాన్ని ఆయన విమర్శకులు కూడా కాదనరు.

ఆయన జీవితాన్ని తరచి చూస్తే ఒక సంగతి స్పష్టమవుతుంది. ఎదుట కూర్చున్న ఒక్క మనిషి కోసం పనిచేసినప్పుడు ఆయన తప్పులు ఆనాడే దిద్దుకొన్నాడు. ఇంజనీరుతో కలిసి ఇరుసు దగ్గరనుంచి ఆలోచించినప్పుడు అందమూ సుఖమూ ఒకదానికొకటి తోడయ్యాయి. పైపై రేకును మాత్రమే తలచినప్పుడు ఎక్కేవాని మోకాలు ఆ తప్పును పట్టియిచ్చింది. వై జాబ్ కారును జనరల్ మోటార్స్ నేటికీ భద్రంగా కాపాడుతున్నది. దానిని చూడబోయేవారు నల్లని మెరుపునే కాక, ఆరడుగుల నాలుగంగుళాల మనిషి పదేళ్ళకు పైబడి ఇరుకు చాలక కాళ్ళు ముడుచుకొన్నాడా, హాయిగా చాపుకొన్నాడా అని ఒకసారి సీటు వైపు కూడా తొంగిచూడడం మంచిది. హార్లీ ఎర్ల్ తనకు తాను పెట్టుకొన్న పరీక్ష అక్కడే ఉన్నది.